విరామచిహ్నములు – వాచికము : కొల్లేటిసీమ బడిచదువుల చరిత్రనుండి

తెలుగుబడులలో చిన్నపిల్లలు వాచకమును బిగ్గరగా చదువుచుండగా విన్నవారికి ఒక విషయము స్పష్టపడును. అక్షరములు తప్పుపోవు, పదములును చాలవరకు తప్పుపోవు. కాని కథలో పులి పలికినను, ఆవు పలికినను, కథకుడు పలికినను ఒకటే గొంతు వినవచ్చును. ప్రశ్నయు, సమాధానమును, దుఃఖమును, పరిహాసమును ఒకే రాగమున సాగిపోవును. పిల్లలకు విరామచిహ్నములు సరిగా నేర్పబడకపోవుటయే దీనికి కారణమని ఉపాధ్యాయులు సాధారణముగా చెప్పుదురు. ఈ కారణమే నిజమైనచో, చిహ్నములు ఎరుగని పూర్వులు ఇంతకంటెను నీరసముగా చదివియుండవలెను. చరిత్ర అట్లు చెప్పుటలేదు. అచ్చుతోపాటు ఈ చిహ్నములు తెలుగునకు వచ్చి సుమారు రెండు శతాబ్దములే యైనది. వాచికము అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే కలదు. చిహ్నములు రాకముందు తెలుగువారు వ్రాతనుండి గొంతును ఎట్లు రాబట్టుకొనిరి, చిహ్నములు వచ్చిన పిమ్మట బడిలో ఆ గొంతు ఎట్లు సన్నగిల్లెను అను రెండు విషయములను ఈ వ్యాసమున విచారింపదలచినాము.

ఈ విచారణకు మండవల్లి ప్రాంతమును కేంద్రముగా గ్రహించుటకు కారణము కలదు. మండవల్లి గుడివాడ – భీమవరము రైలుమార్గమున, కైకలూరునకు చేరువగా నున్న గ్రామము. చిరకాలము కృష్ణామండలములో నుండి, 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనచే ఏలూరు జిల్లాలో చేరినది. పెనుమాకలంక, నందిగామలంక, కొవ్వాడలంక మున్నగు కొల్లేటి లంకగ్రామములు ఈ మండలములోనివే. దీనికి ఉత్తరమున ఏలూరును, ఆపైని వేంగీరాజధానిగా చరిత్రకారులు గుర్తించిన పెదవేగియు, దక్షిణమున మచిలీపట్టణమును, నైరృతిదిశను కూచిపూడియు, తూర్పున నరసాపురపు డెల్టాయు కలవు. తెలుగువ్రాత, తెలుగుచదువు నడచిన దారిలోని ముఖ్యమైన మజిలీలలో పెక్కింటికి ఈ పరిసరములలోనే నిదర్శనములు దొరకుచున్నవి.

మొదటి నిదర్శనము మండవల్లి మండలములోని కానుకొల్లుననే కలదు. వేంగి నేలిన శాలంకాయనుల తామ్రశాసనములు అచట లభించినవి. వాని భాష తెలుగు కాదు. అయినను తరువాతికాలపు తెలుగువ్రాతకు మార్గము చూపినది అట్టి శాసనలేఖనమే. పదమునకు పదమునకు నడుమ ఎడము విడుచు ఆచారము ఆ వ్రాతలో లేదు. చాళుక్యుల కాలమున తెలుగు శాసనభాషయైనప్పుడును, ఆ పిమ్మట కావ్యములు తాటాకుల కెక్కినప్పుడును ఇదే పద్ధతి సాగినది. పద్యాంతమున నొక గీతయో, రెండు గీతలో. పద్యము మొదట కందమునకు 'క', సీసమునకు 'సీ', వచనమునకు 'వ' అను గుర్తులు. ఇంతకుమించి లేఖకుడు పాఠకునకు చేసిన సాయము లేదు. 'తానేరునుదాటెను' అని ఎడములేక వ్రాసియున్నచో 'తాను ఏరును దాటెను' అని విడదీసికొనుట చదువరి పని. అర్థము తెలియనివాడు దానిని 'తానే రునుదా టెను' అని విరుచును. కావున ఆనాటి చదువున పదచ్ఛేదమునకు అర్థజ్ఞానమే ఆధారము.

పూర్వశాస్త్రములు ఈ సంగతిని గుర్తించినవి. పాణినీయశిక్ష మంచి పాఠకునకు ఆరు గుణములు చెప్పినది: మాధుర్యము, అక్షరముల స్పష్టత, పదచ్ఛేదము, మంచిస్వరము, ధైర్యము, లయ. అధమపాఠకులనుగూడ ఆరుగురినే పేర్కొన్నది. రాగము తీయువాడు, తొందరపడువాడు, తల యూపువాడు, వ్రాసినదానిని చూచి వ్రాసినట్లే వల్లించువాడు, అర్థ మెరుగనివాడు, గొంతు పెగలనివాడు. నేటి తరగతిగదిలో ఈ ఆరుగురును మనకు కనబడుదురు. భరతుని నాట్యశాస్త్రము ఇంకను ముందునకు పోయి, పాఠ్యమునకు సప్తస్వరములు, మూడు స్థానములు, నాలుగు వర్ణములు, రెండువిధముల కాకువు, ఆరలంకారములు, ఆరంగములు చెప్పినది. కాకువనగా భావమునుబట్టి గొంతునందు కలుగు మార్పు. అర్థము ఇంకను మిగిలియున్నచో అది సాకాంక్షము, ముగిసినచో నిరాకాంక్షము. ఒక వాక్యము ముగిసినదో లేదో గొంతే చెప్పవలెనని దీని తాత్పర్యము. విరామము అర్థసమాప్తినిబట్టి యుండవలెనుగాని ఛందస్సునుబట్టి కాదనియు ఆ శాస్త్రము స్పష్టముగా చెప్పినది.

ఈ చివరిమాట తెలుగుపద్యమునకు మరింత వర్తించును. సంస్కృతమున యతి యనగా విరామస్థానము. తెలుగున యతి యనగా అక్షరమైత్రి. అచట పదము తెగనక్కరలేదు, ఊపిరి ఆపనక్కరలేదు. వాక్యము పాదమును దాటి పోవచ్చును. పద్యమునే దాటి మరియొక పద్యమున ముగియవచ్చును. అందుచే తెలుగుపద్యమును పాదము పాదమునకు ఆపి చదువువాడు అర్థమును చంపును. పురాణకాలక్షేపమున ఒకరు పద్యము చదువగా మరియొకరు అర్థము చెప్పు సంప్రదాయము ఊరివారికి ఈ విషయమును చెవిద్వారా నేర్పినది. కూచిపూడివారి భామాకలాపమున పాత్రధారియే మాటాడును. సూత్రధారుని ప్రశ్నకు సత్యభామ ఇచ్చు జవాబులో ఏ పలుకు గర్వము, ఏ పలుకు బేలతనము అనునది చూపరులకు గొంతువలననే తెలియును. అక్షరము రానివారుగూడ వాచికము నెరిగియుండుట ఈ మూలమున సాధ్యమైనది.

శాస్త్రమును, ప్రదర్శనమును అటుంచి భాషనే పరిశీలించినచో మరియొక విశేషము కనబడును. ఇతరభాషలు చిహ్నములచే చూపు పనిలో అధికభాగమును తెలుగు ప్రత్యయములచేతనే చూపుచున్నది. కొల్లేటిగట్టున ప్రతిదినము వినబడగల మాటను ఒకదానిని తీసికొందము. 'నీళ్లు పెరిగినవి' అనునది వార్త. 'నీళ్లు పెరిగినవా' అనునది ప్రశ్న. 'నీళ్లే పెరిగినవి' అనుటలో నొక్కి చెప్పుట కలదు. 'నీళ్లు పెరిగినవో లేదో' అనుటలో సందేహము కలదు. ఆ, ఏ, ఓ అను మూడచ్చులే ఈ భేదములన్నిటికిని మూలము. అట్లే 'చూచి', 'వచ్చి' అను క్త్వార్థకములును, 'చూచుచు' అను శత్రర్థకమును, 'చూచినచో' అను చేదర్థకమును విన్నంతనే వాక్యము ముగియలేదని చెవికి తెలియును. సమాపకక్రియ విన్నంతనే ముగిసినదని తెలియును. మొదటివి మన స్వల్పవిరామములు, రెండవది మన పూర్ణవిరామము. వ్రాతలో గుర్తు లేకున్నను ఊపిరి ఎచట తీయవలెనో మాటయే చెప్పును.

సంభాషణ విషయమున ఇది మరింత స్పష్టము. కావ్యమున ఒకరి మాట మొదలగుటకు ముందు 'ఇట్లనియె' అనియు, ముగిసిన పిమ్మట 'అని', 'అనిన', 'అనవుడు' అనియు వచ్చును. ఇవి మాటకు ఇరువైపుల నిలిచిన ద్వారబంధములవంటివి. నేటి అచ్చుపుస్తకములలో మాటకు మొదటను చివరను ఉంచు జంటగుర్తులు చేయు పని వీనిదే. మన వ్యాకరణములు ఇతరుల మాటను ఉన్నదున్నట్లు పలుకుటను అనుకరణమనినవి. బడివ్యాకరణములు ఆ జంటగుర్తులకు అనుకరణచిహ్నములని పేరిడినవి. పేరులోనే బోధ యున్నది: ఆ గుర్తు కనబడినచోట నీవు ఇతరుని అనుకరింపవలెనని అది పిల్లవానికి చెప్పుచున్నది. తెలుగున ఇంకొక సూక్ష్మముకూడ కలదు. 'అన్న తాను రేపు వత్తునని చెప్పినాడు' అను వాక్యమున 'తాను' అనునది కథకుని వైపునుండి వచ్చిన మాట. 'వత్తును' అను ఉత్తమపురుషక్రియ అన్న నోటినుండి వచ్చిన మాట. ఒక్కవాక్యములోనే ఇరువురి గొంతులు కలిసియున్నవి. ఇట్టి భాషను ఒకే గొంతున చదువుట భాషాస్వభావమునకే విరుద్ధము.

ఇక బడికి వత్తము. 1822 జూన్ 25న మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో వ్రాసిన మినిట్ననుసరించి జిల్లాకలెక్టరులు స్వదేశీయ పాఠశాలల వివరములు పంపిరి. రాజమహేంద్రవరము కలెక్టరు పంపిన పట్టికలో ఆ జిల్లాబడులలో చదివెడి 43 తెలుగుపుస్తకముల పేర్లు కలవు. వానిలో సుమతి, దాశరథి మున్నగు శతకములతోపాటు రుక్మిణీకల్యాణము, గజేంద్రమోక్షము కూడ నున్నవి. ఈ రెండింటి ప్రాణము సంభాషణమే. రుక్మిణి పలుకులను బ్రాహ్మణుడు కృష్ణునకు విన్నవించును; ఆ బ్రాహ్మణుని పలుకులను కవి మనకు విన్నవించును; వానిని పిల్లవాడు తరగతిలో చదువును. మాటలో మాటయున్న ఇట్టి పాఠము ఏడెనిమిదేండ్లవారి చేతిలో పడినది. వారు దానిని ఎట్లు చదివిరి?

ఈ ప్రశ్నకు బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక కొంత సమాధాన మిచ్చుచున్నది. ఈయన 1816లో తెలుగువ్యాకరణమును ప్రకటించినవాడు, భాష నెరిగినవాడు. తన జిల్లాలోని 533 బడులలో 6,641 మంది చదువుచున్నారని లెక్క చూపి, పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దు విధమును మెచ్చుకొనినాడు. కాని బడిపుస్తకముల పద్యభాష వాడుకభాషకు దూరమగుటచే పిల్లలు చిలుకలవలె వల్లించుచున్నారేకాని అర్థ మెరుగరని ఖండించినాడు. ఆయన దృష్టి పరాయి పాలకునిదే యైనను, శిక్షాకారులు చెప్పిన 'అర్థ మెరుగని పాఠకుడు' వీథిబడిలోను ఉండెనని దీనివలన తేలుచున్నది. గుడిమండపమున, వీథినాటకమున వికసించిన వాచికము వీథిబడి అరుగుమీదికి పూర్తిగా రాలేదు. చిహ్నములు లేని కాలమంతయు స్వర్ణయుగమని మేము చెప్పుటలేదు.

అచ్చుతోను, ఇంగ్లీషుచదువుతోను చిహ్నములు వచ్చినవి. వానికి పడమటిదేశములలో పెద్ద చరిత్ర కలదు. క్రీ. పూ. 200 ప్రాంతమున అలెగ్జాండ్రియాలో బైజాంటియము వాడైన అరిస్టొఫేనిసు గ్రీకుపాఠములలో మూడుతావుల చుక్కలు పెట్టెను. అవి చదువరి ఊపిరికి గుర్తులు. 1494 ప్రాంతమున వెనిసులో ఆల్డస్ మనూషియసు అచ్చున అర్ధవిరామమును ప్రవేశపెట్టెను. 1795లో లిండ్లీ మర్రే తన ఇంగ్లీషువ్యాకరణమున, అర్ధవిరామము కామాకు రెట్టింపు, కోలను దానికి రెట్టింపు, పూర్ణవిరామము ఆపైని రెట్టింపు కాలము ఆగవలెనని సూత్రీకరించెను. అదే మర్రే 1799లో ప్రకటించిన పాఠ్యగ్రంథమున బిగ్గరగా చదువుటలో పాటింపవలసిన విరామము, ఊనిక, స్వరములనుగూర్చి ప్రత్యేకముగా పీఠిక వ్రాసెను. అనగా ఆ దేశమున చిహ్నమునకు వెనుక గొంతును పెంచు శాస్త్రము కలదు.

తెలుగునకు చిహ్నము వచ్చినది. ఆ శాస్త్రము రాలేదు. మన పాఠ్యశాస్త్రమును ఎవరును దానికి జతచేయలేదు. 1843లో మచిలీపట్టణమున రాబర్టు నోబిలు ఇంగ్లీషుపాఠశాల తెరచెను. 1850ల దశకమున సబుకలెక్టరు జి. ఎన్. టైలరు ప్రోత్సాహమున నరసాపురప్రాంతపు డెల్టాగ్రామములు పన్ను వేసికొని బడులు పెట్టుకొనినవి. ధవళేశ్వరపు ఆనకట్టచే కలిగిన సంపద అందుకు తోడ్పడినది. ఈ పన్నుకు చట్టబలము కూర్చుటకే 1863లో మద్రాసు విద్యాచట్టము పుట్టినది. తరువాత పరీక్షాఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి వచ్చినది. పరీక్షాధికారి యెదుట పిల్లవాడు తడబడక చదువుట పంతులుగారి జీవనోపాధికి సంబంధించిన విషయమైనది. తడబడకుండుటను కొలువవచ్చును; భావమును కొలువుట కష్టము. కొలువదగినదానికే బడిలో విలువ యేర్పడినది. 'కామాకడ ఒకటి, చుక్కకడ రెండు లెక్కించు' మను లెక్క మిగిలినది. అచట గొంతు లేవవలెనా, దిగవలెనా అను విచారము మిగులలేదు.

వాచకముల భాషకూడ ఇందుకు కొంత కారణము. 1853లో చిన్నయసూరి ప్రకటించిన నీతిచంద్రిక సంభాషణమయమైన గ్రంథము. అందు కాకి, ఎలుక, తాబేలు, లేడి ఎడతెగక మాటాడును. ఆ గద్యము గంభీరము, సర్వాంగసుందరము. కాని దానిని ఆదర్శముగా గొని తరువాతివారు చిన్నపిల్లలకు వ్రాసిన పాఠములలో తల్లియు, బిడ్డయు, అంగడివాడును ఒకే గ్రాంథికభాష పలికిరి. ఇంట ఎవరును పలుకని మాటను పలికినట్లు చదువుమనిన పిల్లవాడు ఎవరిని అనుకరింపగలడు? 1906 ప్రాంతమున ఉత్తరసర్కారులలో పాఠశాలల పరీక్షాధికారియైన జె. ఏ. యేట్సు, పుస్తకపు తెలుగునకును నోటి తెలుగునకును గల అంతరమునుగూర్చి వేసిన ప్రశ్న గిడుగు రామమూర్తిగారి ఉద్యమమునకు ప్రేరకములలో నొకటి. ఆ వాదమును మనము సాధారణముగా వ్రాతకు సంబంధించినదానినిగా గ్రహింతుము. బడిలో బిగ్గరగా చదువుటకును అది అంతే ముఖ్యమని మా అభిప్రాయము. 1897లో వెలువడి 1909లో విస్తరింపబడిన కన్యాశుల్కమును ఎవరైన బిగ్గరగా చదివినచో పాత్రకొక గొంతు దానంతట వచ్చును. అది చిహ్నముల మహిమ కాదు. మాట ఎవరిదో మాటలోనే తెలియుట దానికి కారణము.

ఇట్టి వాచికమును పిల్లలకు తిరిగి చేర్చినవి ఎక్కువగా బడి వెలుపలి ప్రయత్నములే. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలుగా నడిపిన కార్యక్రమములు, 1945లో వారు స్థాపించిన 'బాల' పత్రిక, 1947 జూలైలో మొదలైన 'చందమామ', 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఇందుకు తోడ్పడినవి. అచ్చులోని మాటకు గొంతు ఉండునని రేడియో పిల్లల చెవికి చెప్పినది. గొంతునకు అచ్చురూప ముండునని పత్రిక వారి కంటికి చూపినది.

ఈ చరిత్ర నేటికి ఎందుకు కావలెనన్నచో, పందొమ్మిదవ శతాబ్దపు గ్రాంటుపద్ధతిలోని చిక్కు మరియొకరూపమున మన యెదుటికి వచ్చినది. 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమము, రెండవతరగతి ముగియునప్పటికి నిమిషమునకు 45 నుండి 60 పదములును, మూడవతరగతికి కనీసము 60 పదములును అర్థముతో చదువవలెనని లక్ష్యము నిర్ణయించినది. చదువలేని పిల్లలను గుర్తించుటకు ఇట్టి కొలత ఉపకరించును. దానిని మేము నిరాకరించుటలేదు. కాని రెండు హెచ్చరికలు అవసరము. మొదటిది: ఇతరభాషలలో అయిదారు పదములు కావలసిన భావమును తెలుగు 'వస్తాడనుకున్నాను' అను ఒక్కపదమున ఇముడ్చును, కావున పదముల లెక్క భాషకు భాషకు మారును. 2022లో జాతీయస్థాయిని జరిపిన ప్రాథమిక అభ్యసన పరిశీలనము 20 భాషలకు వేరువేరుగా ప్రమాణములు చూచుట ఇందుచే సమంజసమే. రెండవది: లక్ష్యములోని 'అర్థముతో' అను మాటను విడిచి గడియారమును మాత్రము చూచినచో, శిక్షాకారులు అధమునిగా నెంచిన 'తొందరపడు పాఠకుని' మనమే తయారుచేసినవార మగుదుము.

అట్లైనచో బోధనాక్రమ మెట్లుండవలెను? పైచరిత్రనుండియే కొన్ని సూచనలు లభించుచున్నవి. మొదట చెవి. పాఠమును ఉపాధ్యాయుడు స్వయముగా భావయుక్తముగా చదివి వినిపింపవలెను; 'నీళ్లు పెరిగినవి', 'నీళ్లు పెరిగినవా', 'నీళ్లే పెరిగినవి' అనువానిని పుస్తకము లేకుండ పలికించి, గొంతులోని భేదమును పిల్లలచేతనే చెప్పింపవలెను. రెండవది పాత్రవిభాగము. ఒకడు కథకుడు, ఒకడు తాత, ఒకతె మనుమరాలు. 'అని' వచ్చినచోట మాట కథకునకు తిరిగి చేరవలెను. దీనివలన ఏ మాట ఎవరిదో పిల్లలు వెదకి తెలిసికొందురు. ఆ వెదకుటయే అర్థగ్రహణము. మూడవది కన్ను గొంతుకంటె ముందు పోవుట. 1920లో చికాగోలో గై బస్వెలు చేసిన పరిశోధన, నేర్పరులైన పాఠకుల కన్ను గొంతుకంటె కొన్నిపదములు ముందుండునని నిరూపించినది. తెలుగున 'అని' మాట చివర వచ్చును గనుక ఈ నేర్పు మనకు మరింత అవసరము. ముందుచూపు లేనివానికి తాను తాతవలె పలుకవలసియుండెనని పలుకంతయు ముగిసిన పిమ్మటగాని తెలియదు. బిగ్గరగా చదువుటకు ముందు ఒకసారి మనసులో చదువనిచ్చుట ఇందుకు మందు.

చిహ్నముల పేర్లు ఈ మూడింటికి తరువాత రావలెను. ఇందుచే వానికి గౌరవము తగ్గదు. భాషలోని ప్రత్యయములు చేయలేని పనులు కొన్ని కలవు. వచనకథలో మాట ఎచట మొదలైనదో ముందుగా చెప్పునది అనుకరణచిహ్నమే, 'ఇట్లనియె' నేడు మనకు లేదు గనుక. క్రియ లేని పలుకులకు, సగములో ఆగిన మాటలకు, వెటకారమునకు చిహ్నము తప్ప గుర్తు లేదు. 'రేపు' అను ఒక్కమాట చుక్కతో నున్నచో సమాధానము, ప్రశ్నచిహ్నముతో నున్నచో అడుగుట, ఆశ్చర్యచిహ్నముతో నున్నచో విస్మయము. గొంతు నెరిగిన పిల్లవానికి ఈ గుర్తులు కొత్తభారము కావు; తానెరిగినదానికే పేరు దొరకినట్లగును.

పైవిచారణవలన తేలునది ఇది. వాచికము తెలుగునకు ఒకరు తెచ్చిపెట్టినది కాదు; అది ప్రత్యయములలోను, 'అని' అను చిన్నపలుకులోను, పురాణశ్రవణమునందును, వీథినాటకమునందును నిలిచియున్నది. బడి దానిని రెండుసార్లు చేజార్చుకొనినది: అర్థము లేని వల్లింపుచే ఒకసారి, గొంతు లేని చిహ్నముచే మరియొకసారి. మూడవసారి వేగపుకొలతచే చేజారకుండ కాపాడుట ఉపాధ్యాయుల చేతిలో నున్నది. కొల్లేటిలంకలోని పిల్ల తన తాతతో ఎట్లు మాటాడునో పుస్తకములోని తాతతోను అట్లే మాటాడగలిగిననాడు ఆమెకు చదువు వచ్చినదని మనము నిశ్చయముగా చెప్పవచ్చును. పరిశోధకవిద్యార్థులు తమతమ మండలములలోని పాతవాచకములను, పఠనసంప్రదాయములను ఈ దృష్టితో సేకరించి పరిశీలించినచో, తెలుగుపఠనబోధకు మన నేలలోనే పుట్టిన శాస్త్ర మొకటి సిద్ధింపగలదని మా నమ్మకము.